కుడి నుంచి ఎడమకు

మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు చప్రాసి మంచినీళ్ళ కుండ మీద రేకు మూత తిరిగి పెట్టాడు. ఆ చప్పుడుకు తలెత్తి గోడ గడియారం చూశాను. బి.ఏ. ఆర్థికశాస్త్రం పేపరు మొదలై గంట దాటింది. అది వికారాబాద్‌లో ఒక బడి హాలు. పట్నంలో చోటు చాలక ఆ ఏడు మా వైపు ప్రైవేటు అభ్యర్థులకు అక్కడ పరీక్ష పెట్టారు. కుండకూ నాకూ మధ్య, రెండు వరుసల ముందు, తాండూరు బడిలో నాతో కలిసి పనిచేసే మాస్టరు కూర్చుని ఉన్నారు. అప్పటిదాకా ఆయన కలం కదలలేదు. నేను చూస్తుండగా కదిలింది.

అది ఎలా కదిలిందో చెప్పే ముందు ఆయన ఎవరో చెప్పాలి. మీలో చాలామంది ఇప్పుడు బి.ఏ. చదువుతున్నవాళ్ళు, లేదా చదివి బడిలో చేరినవాళ్ళు. మీకు అది మూడేళ్ళ పని. కొందరికి అది అలా ఉండేది కాదు.

నేను తాండూరు బడిలో చేరేనాటికి ఆయనకు ముప్పై అయిదు దాటాయి. నాకు ఇరవై రెండు. బడిలో అందరూ ఆయన్ను మాస్టర్ సాబ్ అనేవారు. మిగతా మేమంతా పంతుళ్ళం, ఆయన ఒక్కరే మాస్టర్ సాబ్. నిజాం కాలంలో పట్నంలో బి.ఏ. చదివారు. అప్పట్లో అక్కడ అన్నీ ఉర్దూలోనే. ఆర్థికశాస్త్రం మాషియాత్, చరిత్ర తారీఖ్, రాజనీతి సియాసియాత్. ఆఖరి ఏడు మిగిలి ఉండగా నలభై ఎనిమిది వచ్చింది. రాజ్యం పోయింది. ఆ గొడవల్లోనే తండ్రి పోయారు. ఇంట్లో చిన్న తమ్ముళ్ళు. చదువు ఆపి మాస్టరు ఉద్యోగం పట్టారు. కాస్త నిలదొక్కుకుని వెనక్కి తిరిగి చూసేసరికి విశ్వవిద్యాలయం ఉర్దూ వదిలి ఇంగ్లీషులోకి మారిపోయింది. ఆయన చదివిన చదువు ఇక అక్కడ లేదు.

బడి కూడా మారింది. ఉర్దూ తరగతులు పలచబడి తెలుగు తరగతులు పెరిగాయి. ఆయన ముప్పై ఏళ్ళ వయసులో, తన దగ్గర చదివే పిల్లల పక్కన కూర్చుని, తెలుగు గుణింతం దిద్దారు. ఏడాది తిరిగేసరికి తెలుగులో పాఠం చెప్పడం మొదలుపెట్టారు. అంటే ఆయన ఒకసారి భాష మార్చుకున్నవారే. ఇది గుర్తుంచుకోండి. ఆయన మొండికేసి మారనివారు కారు.

కోపం మాత్రం ఉండేది. గర్వం కూడా. పుస్తకంలో తప్పు కనిపిస్తే పిల్లల ముందే పుస్తకాన్ని తిట్టేవారు. పాఠం చెప్పే పద్ధతి ఆయనదే. తొమ్మిదో తరగతికి ధరలు, మార్కెట్లు అనే పాఠం వచ్చినప్పుడు పిల్లలందరినీ వరుసలో నడిపించుకుంటూ ధాన్యం బజారైన గంజ్‌కు తీసుకెళ్ళేవారు. కందులు వచ్చే రోజులు చూసి వెళ్ళేవారు. యాలాల్ వైపు నుంచి, సరిహద్దు అవతలి కన్నడ ఊళ్ళ నుంచి బండ్లు వచ్చి నిలబడేవి. గంజ్‌లో రైతు తరఫున అమ్మే అడ్తి వ్యాపారి, కొనేవాడు ఎదురెదురుగా నిలబడి, చేతుల మీద ఒక రుమాలు కప్పుకుని, దాని కింద వేళ్ళు నొక్కి ధర చెప్పుకునేవారు. నోరు విప్పేవారు కాదు. పక్కన నిలబడ్డ రైతుకు తన కందుల ధర ఎంతకు పోతున్నదో తెలిసేది కాదు.

మాస్టర్ సాబ్ పిల్లలను ఆ రుమాలు చుట్టూ నిలబెట్టేవారు. "ఏమన్న కనబడ్తున్నదా?" అని అడిగేవారు. లేదనేవారు పిల్లలు. "రైతుకు గూడ గంతే కనబడ్తది. మీ పుస్తకంల ఏమున్నది? అమ్మెటోనికి, కొనెటోనికి ఇద్దరికీ ధర తెలిసే ఉంటదని ఉన్నది. గీ పుస్తకం రాసినాయన గంజ్ మొఖం చూసినట్టు లేడు."

వ్యాపారులకు ఇది నచ్చేది కాదు. అయినా ఎవరూ అడ్డుచెప్పలేదు. వాళ్ళ పిల్లలూ ఆ తరగతిలోనే ఉండేవారు.

యాభైలు ముగియవస్తుండగా బడి పై తరగతులకు పెరుగుతుందన్న మాట వచ్చింది. దాంతోపాటే ఒక నిబంధన. పై తరగతులకు సోషల్ స్టడీస్ చెప్పేవారికి డిగ్రీ ఉండాలి. లేనివారిని ఏదో ఒక పల్లెలో ప్రైమరీ బడికి పంపుతారు. కృష్ణా జిల్లా వైపు నుంచి బదిలీ మీద వచ్చిన హెడ్మాస్టరు గారు ఆ సంగతి చెప్పడానికి మా ఇద్దరినీ గదిలోకి పిలిచారు. మంచి మనిషి. చెప్పలేక ముందు టీ తెప్పించారు.

"మీ కన్నా బాగా చెప్పేవారు నాకు దొరకరండీ. ఆ మాట పైవాళ్ళకి రాశాను కూడా. వాళ్ళకి కావలసింది అది కాదు. ఎలాగోలా ఆ బి.ఏ. కానిచ్చెయ్యండి, మిగతాది నేను చూసుకుంటాను."

మాస్టర్ సాబ్ అప్పటికే రెండుసార్లు ప్రైవేటుగా రాసి తప్పారు. రెండుసార్లూ ఉర్దూ పేపరులో మొదటి తరగతి మార్కులు. ఆర్థికశాస్త్రంలో, చరిత్రలో, రాజనీతిలో తప్పారు. ఇంగ్లీషు చదివితే ఆయనకు అర్థమయ్యేది. నాకన్నా బాగా అర్థమయ్యేది. రాయబోతే వచ్చేది కాదు. రాసినదాన్ని చదువుకుని తనే సిగ్గుపడి కొట్టేసేవారు.

అలా మేమిద్దరం కలిసి చదవడం మొదలుపెట్టాం. నాకు ఇంగ్లీషు కాస్త వచ్చు, విషయం రాదు. ఆయనకు విషయం వచ్చు. ఇద్దరివీ కలిపితే ఒక బి.ఏ. అవుతుందని లెక్క వేసుకున్నాం.

సాయంత్రాలు స్టేషన్ దగ్గరి గూడ్స్ షెడ్డుకు వెళ్ళేవాళ్ళం. తాండూరు నాపరాళ్ళు అక్కడ దొంతరలుగా పేర్చి ఉండేవి, వ్యాగన్ల కోసం. ఒక దొంతర మీద కూర్చుని ఎదుటి దొంతరను పలకలా వాడుకునేవాళ్ళం. బడి సుద్దముక్కలు జేబులో వేసుకుని వెళ్ళేవాణ్ణి. ఆయన సగం ఉర్దూలో, సగం తెలుగులో చెప్పేవారు. విన్నదాన్ని నేను ఇంగ్లీషులోకి మార్చి రాయి మీద రాసేవాణ్ణి. ఆయన చదివి, తల ఊపి, లేదా తిట్టి, తరవాతి విషయానికి వెళ్ళేవారు. సుద్దపొడి షేర్వానీకి అంటుతుందని ఆయన సుద్ద ముట్టేవారు కాదు.

ఒక రోజు ఒక హమాలి వచ్చి మా రాయి పక్కన నిలబడ్డాడు. "సాబ్, గీ రాయి మీద పని అయిపోయిందా? వ్యాగన్ల ఎక్కియ్యాలె."

"జర ఆగు," అన్నారు మాస్టర్ సాబ్. "గిరాకీ ఇంక ధర దగ్గరికి రాలే."

హమాలి ఆగాడు. గిరాకీ గీత, సరఫరా గీత రెండూ కలిసేదాకా నిలబడి చూశాడు. తరవాత ఆ రాయిని మరొకతనితో కలిసి ఎత్తుకుపోయాడు. మా ఆర్థికశాస్త్రం చాలావరకు అలా బొంబాయి వైపు వెళ్ళిపోయింది. ఎవరి ఇంటి అరుగు మీదనో పరిచి ఉంటుంది. మేము నవ్వుకునేవాళ్ళం.

ఆ పద్ధతిలోని లోపం అప్పుడు మా ఇద్దరికీ తట్టలేదు. ఆయన చెప్పేవారు, నేను రాసేవాణ్ణి. చెప్పడం ఆయనకు ముందే వచ్చు. రాయడం నాకు రోజురోజుకూ వచ్చింది. ఆయన నోట విన్నందువల్ల విషయమూ వచ్చింది. ఆయనకు మాత్రం కొత్తగా ఏదీ రాలేదు. చదువు రాళ్ళ దొంతరల దగ్గర ఒకవైపుకే ప్రవహిస్తూ ఉంటే, రెండు వైపులా పారుతున్నదని అనుకున్నాం.

మూడోసారీ తప్పారు. ఆసారి నేను రాయలేదు, నాకు ఇంకా ఏడాది ఉంది. పై తరగతులు వచ్చే జూన్‌లో మొదలవుతాయని ఖాయమైంది. అంటే ఇక మిగిలింది ఒక్క పరీక్ష.

అప్పుడు ఆయన అంతవరకూ చేయనన్న పని చేశారు. బజారు గైడు కొన్నారు. ప్రశ్న, కింద జవాబు, పూర్తిగా ఇంగ్లీషులో. అంతకు ముందు ఎవరి చేతిలోనైనా అలాంటిది కనిపిస్తే "ఏం పంతులూ, పుస్తకం నువ్వు సదువుతున్నవా, నిన్ను పుస్తకం సదువుతున్నదా?" అని ఎగతాళి చేసేవారు. ఇప్పుడు ఆయనే దాన్ని బట్టీ పట్టడం మొదలుపెట్టారు. మా షెడ్డు సాయంత్రాలు ఆగిపోయాయి. విరామంలో బడి వెనక గోడకు ఆనుకుని పెదవులు కదుపుతూ నిలబడేవారు. పుస్తకంతో వాదించే మనిషి, నాకు తెలిసి, ఆ ఏడాదిలో దేనితోనూ వాదించలేదు. ఆ ఏడు పిల్లలను గంజ్‌కు కూడా తీసుకెళ్ళలేదు. ఒకసారి నేను ఒక జవాబులో తప్పుందని చూపించాను. గైడులో ఉన్నది నిజంగా తప్పే. ఆయన చూసి, "ఉండని. తప్పైనా ఇంగ్లీషుల ఉన్నది గద," అన్నారు.

నాకు అప్పుడే భయమేసింది.

పరీక్షలకు రోజూ పొద్దున తాండూరు నుంచి ప్యాసింజరులో వికారాబాద్ వెళ్ళేవాళ్ళం. గుట్ట మీద క్షయరోగుల దవఖాన ఉండేది కాబట్టి అక్కడ బండి దిగే కొత్త మొహాలను టాంగావాళ్ళు రోగులనే అనుకునేవారు. మొదటి రోజు ఒకతను మా ఇద్దరినీ ఎగాదిగా చూసి "దవఖానకా సాబ్?" అని అడిగాడు. పరీక్షకు అన్నాను. "బీమార్ ఎవరు? ఇద్దరా?" అన్నాడు. మాస్టర్ సాబ్ టాంగా ఎక్కుతూ, "నాది పాతది. గీ పిల్లగానికి నా దగ్గర్నుంచే అంటుకున్నది," అన్నారు. ఆ ఏడాదిలో ఆయన వేసిన హాస్యం అదొక్కటే.

భాషల పేపర్లు బాగానే అయ్యాయి. తరవాత ఆర్థికశాస్త్రం. పేపరు చేతికి రాగానే మొదటి ప్రశ్న చూశాను. మార్కెట్‌లో ధర ఎలా నిర్ణయమవుతుందో, మీకు స్వయంగా తెలిసిన ఒక మార్కెట్‌ను తీసుకుని చర్చించండి అని అడిగారు. సగం మార్కులు దానికే. తప్పక రాయాలి. నాకు గంజ్ కళ్ళ ముందు కనిపించింది. రుమాలు కనిపించింది. రాళ్ళ దగ్గర విన్న మాటలన్నీ వరుసగా వచ్చాయి. ఆయనకు ఇంతకన్నా మంచి ప్రశ్న రాదనుకున్నాను. సంతోషంగా రాయడం మొదలుపెట్టాను.

కాసేపటికి చూస్తే ఆయన కలం కాగితం పక్కన పడి ఉంది. గైడులో ఆ ప్రశ్నకు జవాబు ఉంది. కానీ అందులో తాండూరు గంజ్ లేదు. ఎవరికీ స్వయంగా తెలియని ఒక మార్కెట్ ఉంది. గైడు వాక్యాలు ఆయనకు వచ్చు, గంజ్ వచ్చు. ఒకదాన్ని మరొకదానిలోకి తీసుకెళ్ళే ఇంగ్లీషు లేదు. ఆయన రెండు చేతులూ బల్ల మీద పెట్టి అలా కూర్చున్నారు. హాలులో తిరిగే పర్యవేక్షకుడు ఒకసారి వంగి చూసి వెళ్ళాడు.

చప్రాసి కుండ మీద మూత పెట్టినప్పుడు ఆయన కలం తీసుకున్నారు. వెనక నుంచి నాకు కనిపించేది వీపు, కుడి మోచేయి. మనం రాసేటప్పుడు మోచేయి నెమ్మదిగా శరీరానికి దూరంగా జరుగుతుంది. ఆయన మోచేయి ముందు కుడివైపు దూరంగా వెళ్ళి, అక్కడ నుంచి లోపలికి, శరీరం దగ్గరికి జరుగుతూ వచ్చింది. వరుస చివరికి రాగానే మళ్ళీ దూరంగా వెళ్ళింది. మళ్ళీ లోపలికి. ఆయన ఉర్దూలో రాస్తున్నారు.

ఇంగ్లీషులో కాక మరో భాషలో రాసినది దిద్దరని పేపరు పైభాగంలోనే అచ్చు వేసి ఉంది. ఆయన అది చదవకుండా వదిలే మనిషి కారు.

నేను పిలవలేను. లేవలేను. దగ్గాను. ఆయన తిరగలేదు. ఇంత వేగంగా రాసేవారిని నేను మళ్ళీ చూడలేదు. కాగితం అడగడానికి చేయి ఎత్తారు, అదనపు కాగితం తీసుకున్నారు, మళ్ళీ ఎత్తారు. ఆ హాలులో అందరికన్నా ఎక్కువ రాసినవారు ఆయనే అయి ఉంటారు. ఆఖరి గంట కొట్టేదాకా రాశారు. గంట కొట్టాక ఒక వాక్యం పూర్తి చేసుకుని, కలం మూత పెట్టి, కాగితాలు దారంతో కట్టి ఇచ్చారు.

బయట చెట్టు కింద నన్ను చూసి, నేను అడగకముందే "మంచిగ రాసినవా?" అన్నారు.

"నేను చూసిన సాబ్. ఎందుకు గట్ల రాసిన్రు?"

"ప్రశ్న మంచిగుండె."

"ఎవరు దిద్దుతరు దాన్ని?"

"ఎవరు దిద్దరు."

"మరి?"

ఆయన దారిన పోతున్న టాంగాకు చేయి ఊపారు. తరవాత చాలా మామూలుగా అన్నారు. "ఇంగ్లీషుల రాస్తె నేను పదేండ్ల పిల్లగాని లెక్క కనబడ్త, పంతులూ. నాలుగేండ్ల సంది గా పిల్లగాన్నే పంపుతున్న ఇమ్తెహాన్‌కు. వాడు ఫెయిలయితున్నడు. ఇయ్యాల ఒక్కసారన్న నేను పోదామనుకున్న."

నేను మిగతా పేపర్లయినా రాయమన్నాను. వచ్చే ఏడు చూద్దామన్నాను. వచ్చే ఏడు అనేది లేదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆయన జేబులోంచి గైడు తీసి టాంగావాడికి ఇచ్చారు, పిల్లలెవరన్న ఉంటే ఇయ్యి అని.

తరవాతి రోజు ఉదయం ఆయన స్టేషన్‌కు వచ్చారు. నేను ఆశపడ్డాను. హాలు గేటు దాకా వచ్చి ఆగిపోయారు. మిగిలిన పరీక్షలన్నిటికీ అలాగే వచ్చారు. బండిలో, టాంగాలో, గేటు దగ్గర నాకు తారీఖ్ చెప్పేవారు, సియాసియాత్ చెప్పేవారు. పాతరోజుల్లోలాగే తిడుతూ చెప్పేవారు. గంట కొట్టగానే "పో, పో" అని పంపేవారు. నేను లోపలికి వెళ్ళి ఆయన చెప్పినదాన్ని ఇంగ్లీషులో పెట్టి వచ్చేవాణ్ణి. బయటికి వచ్చేసరికి చప్రాసితో కూర్చుని బీడీ కాలుస్తూ ఉండేవారు.

నేను పాసయ్యాను. ఆ జూన్‌లో ఆయన్ను కోట్‌పల్లి అవతల ఒక పల్లెలో ప్రైమరీ బడికి పంపారు. హెడ్మాస్టరు గారు పై అధికారుల దగ్గరికి రెండుసార్లు వెళ్ళివచ్చారు, ఫలితం లేదు. ఆయన చెప్పే తరగతులు నాకు ఇచ్చారు. పిల్లలు మొదటి రోజు నన్ను చూసి, మాస్టర్ సాబ్ ఎప్పుడొస్తారని అడిగారు. రారని చెప్పాను. పాఠం మొదలుపెట్టాను. అది ఆయన పాఠమే. నా నోట కొంచెం చప్పగా ఉండేది.

ఇది తలచుకున్నప్పుడల్లా ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలియదు. రాజ్యం మారితే భాష మారుతుంది. డిగ్రీ లేనివారు పై తరగతులకు చెప్పకూడదన్నది చెడ్డ నిబంధన కూడా కాదు, డిగ్రీ ఉండి ఏమీ రానివారిని చూశాక కూడా ఆ మాటే అంటాను. ప్రతి ఒక్కరూ తమ పని తాము సరిగానే చేశారు. మనిషి మాత్రం మిగల్లేదు. నేను చాలా పుస్తకాలు చదివాను, ఈ ముడి విప్పేది ఏదీ దొరకలేదు. దొరుకుతుందని ఇప్పుడు అనుకోవడం లేదు.

నాలుగేళ్ళ తరవాత ఒక సెలవు రోజున ఆయన్ను చూడటానికి వెళ్ళాను. ఒకే గది బడి. పక్కనే ఉండేవారు. దగ్గు వచ్చింది, మనిషి సగమయ్యారు. గొర్లు కాసే ఇళ్ళ పిల్లలు వాకిట్లో ఆడుకుంటూ ఆయన్ను తాతా అని పిలుస్తున్నారు. ఒకటో తరగతికి అ, ఆ దిద్దిస్తున్నానని చెప్పారు. "నేను నేర్సుకున్నట్టే," అన్నారు.

టీ తాగుతుండగా అడిగారు. "తొమ్మిదోళ్ళను గంజ్‌కు తోల్కపోతున్నవా?"

మొదటి ఏడు తీసుకెళ్ళాను. రెండో ఏడు ఒక వ్యాపారి పై అధికారికి ఫిర్యాదు చేశాడు, బడి వేళల్లో పిల్లలను బజారులో తిప్పుతున్నారని. మాస్టర్ సాబ్ మీద అలాంటి ఫిర్యాదు చేయడానికి ఎవరూ సాహసించలేదు. నా మీద చేశారు. సిలబస్ పూర్తి చేయమని ఉత్తరువు వచ్చింది.

"లేదు సాబ్. ఆపేసిన్రు."

ఆయన తల ఊపారు. ఎందుకని అడగలేదు. నా గ్లాసులో ఇంకొంచెం టీ పోసి, "పుస్తకంల ఉన్నదే చెప్తున్నవా?" అన్నారు.

"అవును సాబ్."

"ధర ఇద్దరికీ తెలుస్తదని?"

"అట్లనే ఉన్నది పుస్తకంల."

అప్పుడాయన నవ్వారు. దగ్గు వచ్చి నవ్వు ఆగిపోయింది. ఆ చలికాలమే వికారాబాద్ గుట్ట మీది దవఖానలో చేర్చారు. టాంగావాడి ప్రశ్నకు ఈసారి జవాబు సరిగా ఉంది. అక్కడి నుంచి తిరిగి రాలేదు. నేను వెళ్ళేసరికి తమ్ముళ్ళు మట్టి చేసి వచ్చారు.

ఆ జవాబు పత్రం ఏమయిందో తెలియదు. సున్నా వేసి కట్టలో పెట్టి ఉంటారు, కొన్నాళ్ళకు మిగతావాటితో పాటు తూకానికి అమ్మి ఉంటారు. రెండు గంటల సేపు ఆ వీపు వెనక కూర్చున్న నేను కూడా అందులో ఒక్క అక్షరం చదవలేదు.

నేను ఆ బడిలోనే మరో పాతికేళ్ళకు పైగా సోషల్ చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు అక్కడ చెప్పేవారంతా డిగ్రీలు ఉన్నవారు, నాకన్నా మంచి ఇంగ్లీషు వచ్చినవారు. పాఠం పుస్తకంలో ఇంకా ఉంది. తొమ్మిదో తరగతిని ఇప్పుడు ఎవరూ గంజ్‌కు తీసుకెళ్ళరు.